జత చీటీ

ఆ బుధవారం పొద్దున మార్వా స్కోగ్లండ్ తన పనుల జాబితాను ఒక చించిన కవరు వెనక రాసుకుంది.

నోరీన్‌కి గ్యాలరీలో ముందు వరస కుర్చీ.
సొరుగు ఖాళీ చెయ్యాలి, శుక్రవారం లోపల.
బెర్నిస్ వాళ్ళకి తీపి రొట్టెలు.
అరువు తెచ్చుకున్న మంచుబూట్లు తిరిగి ఇచ్చెయ్యాలి.
డెల్మర్‌తో ఇంకోసారి మాట్లాడాలి.
పదిహేడు ఓట్లు ఇంకోసారి లెక్కపెట్టాలి.
వైస్‌బెక్ కార్డు మీద సంతకం.

చివరిదాని పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది.

పదిహేడు ఓట్లను ఆమె జనవరి నుంచీ లెక్కపెడుతూనే ఉంది. ఆ రాష్ట్రపు సెనేట్‌లో ముప్ఫై ముగ్గురే సభ్యులు. రెండేళ్ళకొకసారి చలికాలంలో మూడు నెలలు కూర్చుని, చట్టాలు చేసి, విత్తనాల వేళకి ఎవరి ఊరికి వాళ్ళు పోతారు. పన్నెండేళ్ళకు మించి ఎవరూ ఆ కుర్చీలో ఉండకూడదు. మార్వాకి ఈ శుక్రవారంతో పన్నెండేళ్ళూ నిండుతాయి. ఇన్నేళ్ళలో ఆమె పేరున నెగ్గిన చట్టం ఒక్కటే, ఒక వంతెనకి పేరు పెట్టడం.

ఇప్పుడున్న బిల్లులో రెండే వాక్యాలు. ధాన్యం నిలవచేసే ఇనుప గాదెలోకి ఒక మనిషి దిగితే, పైన మూత దగ్గర ఇంకో మనిషి తాడు పట్టుకుని నిలబడి ఉండాలి. కింద గింజల్ని లాగే మరకి ఆ కాసేపూ తాళం వేసి ఉంచాలి. అంతే. రెండున్నరేళ్ళ కిందట, అక్టోబరులో, ఆమె ఊరి గోదాములో లైల్ ఓడెగార్డ్ అనే మనిషి గడ్డకట్టిన మొక్కజొన్నని పార పెట్టి విడగొట్టడానికి ఒంటరిగా దిగాడు. కింద మర ఆడుతూనే ఉంది; గింజలు కాళ్ళ కింద జారి ఆయన్ని లోపలికి మింగేశాయి. ఆయన అన్నం డబ్బా మధ్యాహ్నం మూడైనా మూత తియ్యకుండా ఉండటం చూసి, అప్పుడు వెతికారు.

మార్వా తీపి రొట్టెల పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని కార్యదర్శి బల్ల దగ్గరికి వెళ్ళింది. సభ మొదలవటానికి ఇంకా గంట ఉంది. బెర్నిస్ కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని కాగితాలు సర్దుతోంది. ఆమె మోచేతి పక్కన ఒక తెల్ల కవరు, అంటించి ఉంది. పైన రెండు పేర్లు టైపు చేసి ఉన్నాయి. వైస్‌బెక్. హ్రూబీ.

"రొట్టెలు అక్కడ పెట్టి కళ్ళు ఇటు తిప్పండి, సెనేటర్ గారూ," అంది బెర్నిస్. "పంచదార పాకం నా కాగితాల మీద పడితే మీ వంతెన పేరు మార్పించేస్తాను."

"అది జత చీటీయేనా?"

"కవరు అండీ. దాని మీద రెండు పేర్లున్నాయి. అంతవరకూ మీరూ చదవగలరు, నేనూ చదవగలను."

"నా బిల్లు మీదేనా?"

బెర్నిస్ ఒక రొట్టె విరిచి నోట్లో పెట్టుకుంది. నోరు నిండా ఉంటే జవాబు చెప్పక్కర్లేదని ఆమెకి తెలుసు.

ఆ సభలో జత కట్టడం ఎప్పటినుంచో ఉన్న మర్యాద. జబ్బు చేసో, ఇంట్లో చావు జరిగో ఒకరు రాలేకపోతే, ఆ మనిషికి ఎదురు ఓటు వేయాల్సిన ఇంకొకరు ఆ రోజు ఓటు వేయకుండా ఊరుకుంటారు. రెండూ పోయాక లెక్క లెక్కలాగే ఉంటుంది. ఎవరిది అవునో, ఎవరిది కాదో లోపల రాసి అంటిస్తారు. పేర్లు పిలిచే వేళ దాకా ఆ కవరు తెరవరు.

ఆర్లో వైస్‌బెక్ వ్యవసాయ సంఘానికి అధ్యక్షుడు, ఎదుటి పార్టీ మనిషి. రెండేళ్ళ కిందట ఇదే బిల్లుని విచారణకి కూడా తీసుకోకుండా తన సొరుగులో పెట్టుకుని చంపాడు. ఈసారి ఒక్క మాటా అనకుండా సభకి పంపాడు. ఎందుకు పంపాడో మార్వాకి ఇప్పటికీ అర్థం కాలేదు. పది రోజులుగా అరవై మైళ్ళ అవతల ఆసుపత్రిలో ఉన్నాడని చెబుతున్నారు.

డెల్మర్ హ్రూబీ ఆమె సొంత పార్టీ. పన్నెండేళ్ళుగా పక్క కుర్చీ. ఈ బిల్లు కింద ఆమె సంతకం తర్వాత రెండో సంతకం అతనిది.

ఆమె తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుని పెన్సిలు తీసింది. వైస్‌బెక్ ఎలాగూ రాడు. డెల్మర్ ఓటు ఉంటే పదిహేడుకి పదిహేను. డెల్మర్ ఊరుకుంటే పదహారుకి పదిహేను. ఒక్క ఓటు. ఎవడైనా ఆ సమయానికి దగ్గొచ్చి బయటికి వెళ్ళాడంటే బిల్లు అక్కడికక్కడే చస్తుంది.

సెనేట్‌కి రాకముందు ఇరవై రెండేళ్ళు ఆమె లారీలు తూచే కాటా దగ్గర పని చేసింది. తూకం దొంగిలించడానికి తడిపిన టార్పాలిన్ పట్టాలు, సీటు కింద ఇనుప దిమ్మలు, ఖాళీ లారీ తూచేటప్పుడు మాత్రం దిగిపోయే కుక్కలు, అన్నీ చూసింది. ముల్లు ఎంత చూపిస్తోందో చూసే ముందు కాటా అంచున ఎవడి కాలైనా ఉందా అని చూడటం ఆమెకి చేతికంటిన అలవాటు. ఇప్పుడు ఆ తెల్ల కవరు కాటా అంచున పెట్టిన కాలులా కనిపించింది.

మధ్యాహ్నం కింది అంతస్తు భోజనశాలలో డెల్మర్ పిండిముద్దల సూపు తాగుతున్నాడు. ఎదురుగా గోదాముల సంఘం తరఫు మనిషి, పొడుగ్గా, నీలం కోటుతో, ఏమీ తినకుండా రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. మార్వా పళ్ళెం పట్టుకుని స్తంభం పక్కన కాసేపు నిలబడింది. ఆ మనిషి ఏదో అన్నాడు. డెల్మర్ చెంచాతో ముద్దని అటూ ఇటూ నెట్టాడు కాని నోట్లో పెట్టుకోలేదు. ఆ మనిషి లేచి డెల్మర్ భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఆమె వెళ్ళి ఆ కుర్చీలోనే కూర్చుంది. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది.

"సూపు చల్లారిపోయినట్టుంది," అంది.

"ఉప్పు తక్కువైంది." డెల్మర్ తలెత్తలేదు. "నువ్వు ఆ స్తంభం వెనక నిలబడితే స్తంభమే సన్నగా కనపడుతుంది మార్వా. గూఢచారి ఉద్యోగానికి పనికిరావు."

"బెర్నిస్ దగ్గర ఒక కవరు చూశాను."

అతను చెంచా కింద పెట్టాడు. జేబులోంచి పిప్పర్‌మెంటు బిళ్ళ తీసి, కాగితం విప్పకుండా వేళ్ళ మధ్య తిప్పాడు. పన్నెండేళ్ళలో అతను అబద్ధం చెప్పేటప్పుడు ఏం చేస్తాడో ఆమెకి తెలుసు, ఇబ్బంది పడేటప్పుడు ఏం చేస్తాడో కూడా తెలుసు. రెండిటికీ ఆ బిళ్ళే.

"ఆర్లో ఫోన్ చేసి అడిగాడు," అన్నాడు. "జబ్బు మనిషి అడిగితే కాదనలేం కదా."

"ఆర్లోకి మంచి చెయ్యడానికి నా బిల్లే దొరికిందా నీకు?"

"నీ బిల్లు నా వల్ల పోదు. అది మాత్రం నమ్ము."

"నువ్వు ఓటు వెయ్యకుండా ఊరుకుంటే నా వల్ల పోతుందా మరి?"

"మార్వా, ఆ కవరుని అలా ఉండనీ. అడక్కు. కదపకు." అతను మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. కళ్ళ కింద సంచులు వేలాడుతున్నాయి. "నీ మంచికే చెబుతున్నా."

నీ మంచికే అన్న మాటని ఆమె కాటా దగ్గర చాలామంది డ్రైవర్ల నోట విని ఉంది.

"మీ బావమరిది గోదాము ఎలా నడుస్తోంది?" అని అడిగింది.

డెల్మర్ బిళ్ళని జేబులో వేసుకున్నాడు. సూపు గిన్నె అలాగే వదిలేసి లేచాడు.

సాయంత్రం నాలుగింటికి కోట్లు తగిలించే గదిలో కార్డు తిరుగుతోంది. పైన బాతు బొమ్మ, లోపల "త్వరగా కోలుకోండి, ఆర్లో" అని అచ్చు. ఇరవై ఎనిమిది సంతకాలున్నాయి. ఆమె కలం తీసి, మూసి, పక్కవాళ్ళకి ఇచ్చేసింది. కిందటి ఆదివారం వైస్‌బెక్ కారు ఒక టీ దుకాణం ముందు కనిపించిందని ఎవరో అన్నారు. కారు ఆయన కొడుకు కూడా నడుపుతాడని ఇంకెవరో అన్నారు. ఆమె మొదటి మాట గుర్తుపెట్టుకుంది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, రోగుల సంగతులు చెప్పకూడదని మర్యాదగా పెట్టేశారు. ఆ మర్యాద కూడా ఆమెకి నచ్చలేదు.

నోరీన్ ఓడెగార్డ్ ఆరింటికి వచ్చింది. లైల్‌కి అక్క, యాభై మూడేళ్ళు, జిల్లా రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతుంది. నారింజ రంగు ఉద్యోగపు కోటు మీదే వచ్చింది. సభ జరిగే మూడు నెలలకీ మార్వా ఒక ఇంటి కింది గది అద్దెకి తీసుకుంటుంది. ఆ వంటగట్టు దగ్గరే ఇద్దరూ నిలబడి, బంగాళాదుంపలు, మాంసం కలిపి కాల్చిన పళ్ళెంలోంచి చెరో వైపు నుంచి తిన్నారు.

"రేపు పదింటికి కదా," అంది నోరీన్. "రాత్రి మంచు పడితే మా సూపర్‌వైజరు నన్ను రమ్మంటాడు. పడదనే అనుకుంటున్నా."

"పడినా పోవద్దు. నేను చెబుతాను ఆయనకి."

"మీరు సెనేటరు అయితే అయ్యారు గానీ, మా సూపర్‌వైజరు ముందు ఎవరూ ఏమీ కారు." నోరీన్ ఫోర్కుతో అంచున మాడిన ముక్కని గీకింది. "ఓట్లు సరిపోతాయా?"

"సరిపోతాయి. వైస్‌బెక్ ఏదో ఎత్తు వేస్తున్నాడు. కనిపెడతాను."

"వైస్‌బెక్ అంటే ముసలాయన, తెల్ల మీసాలు?" నోరీన్ గీకటం ఆపింది. "ఆయన జనవరిలో మా లైల్ పోయిన గోదాము దగ్గరికి వచ్చాడు, నేనక్కడ మంచు తోస్తుంటే. మీకు చెప్పలేదా నేను?"

మార్వా ఫోర్కు పళ్ళెం అంచున ఆనించింది. "ఎందుకు వచ్చాడు?"

"తెలీదు. ఒక్కడే వచ్చాడు. ఆ గాదె ఏదో చూపించమన్నాడు. అంత చలిలో, ఆ వయసులో, మంచుకట్టిన నిచ్చెన పట్టుకుని పైకి ఎక్కాడు. కింద నుంచి నేను అరుస్తున్నా, పడతారండీ అని. మూత తీసి చాలాసేపు లోపలికి చూశాడు. చేతికర్ర అడ్డంగా పెట్టి మూత వెడల్పు కొలిచాడు. దిగాక టోపీ తీసి నా ముందు నిలబడ్డాడు. ఏమీ అనలేదు. కారెక్కి పోయాడు."

"కొలతలు తీసుకున్నాడన్నమాట. గోదాముల వాళ్ళ లాయరుకి."

"టోపీ తీశాడు," అంది నోరీన్ మళ్ళీ.

"ఎన్నికల్లో నిలబడేవాళ్ళందరూ టోపీ తీస్తారు నోరీన్. నేనూ తీస్తాను."

నోరీన్ ఆ మాడిన ముక్క నోట్లో వేసుకుంది. తినటం అయ్యాక పళ్ళెం తనే కడిగింది. మార్వా జాబితా కవరు తీసి చివరి పని మీద గీత కొట్టింది. సంతకం పెట్టక్కర్లేదని తేల్చుకుంది.

గురువారం మంచు పడలేదు. పదింటికి నోరీన్ గ్యాలరీ ముందు వరసలో, కోటు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నారింజ రంగు కింద నుంచి కూడా కనపడుతోంది. సభాధ్యక్షుడు సుత్తి కొట్టాడు. మూడు చిన్న బిల్లులు నడిచాయి. నాలుగోది ఆమెది.

మార్వా లేచింది. రాత్రి ఆమె సభ నియమాల పుస్తకం చదివింది. అందులో ఒక పాత నియమం ఉంది. ఎవరైనా సభ్యుడు అడిగి, ఆరుగురు సమర్థిస్తే, సభ తలుపులు మూసి తాళాలు వేస్తారు. ఎవరూ బయటికి పోకూడదు. రాని సభ్యుల కోసం సభ కాపలా అధికారి మార్షల్ చేత మనిషిని పంపిస్తారు. తలుపులు మూసి ఉన్నంతసేపూ జతలు చెల్లవు. లోపల ఉన్న ప్రతి మనిషీ అవునో కాదో నోటితో చెప్పాల్సిందే. అలా చేసి తొమ్మిదేళ్ళయింది.

డెల్మర్ ఆమె చేతిలో నియమాల పుస్తకం చూశాడు. వేలు ఏ పుటలో ఉందో చూశాడు.

"వద్దు," అన్నాడు చాలా మెల్లగా. "కూర్చో మార్వా."

"ఎందుకు వద్దో చెప్పు."

అతను గ్యాలరీ వైపు చూశాడు. నీలం కోటు మనిషి వెనక వరసలో ఉన్నాడు. నారింజ కోటు ముందు వరసలో ఉంది. డెల్మర్ తల దించుకున్నాడు.

"అధ్యక్షా," అంది మార్వా, "సభ తలుపులు మూయించమని కోరుతున్నాను."

గుసగుసలు లేచాయి. ఆరుగురు కాదు, పద్నాలుగు మంది లేచి నిలబడ్డారు. కొందరు సరదాకే లేచారు. మార్షల్ ఇత్తడి గడియలు వేసుకుంటూ తలుపు తలుపుకీ తిరిగాడు. ఒక్కొక్క గడియ పడ్డప్పుడల్లా మార్వాకి భుజాలు తేలికైనట్టు అనిపించింది. పన్నెండేళ్ళలో ఆ గదిలో ఒక పని తన మాటతో కదలటం ఇదే మొదటిసారి. పైన నోరీన్ ముందుకు వంగి, రెండు చేతులూ కమ్మీ మీద పెట్టింది.

ఆసుపత్రి ఊళ్ళో ఉన్న ఒక పోలీసుని వైస్‌బెక్ దగ్గరికి పంపారు. సభ గంటా పది నిమిషాలు ఎదురుచూసింది. ఒకాయన కుర్చీలోనే కునికాడు. ఒకావిడ గోళ్ళు కత్తిరించుకుంది. డెల్మర్ పిప్పర్‌మెంటు కాగితాన్ని మడిచి, ఇంకా మడిచి, గోరంత చేశాడు. 

ఫోన్ మోగింది. బెర్నిస్ విని, రాసుకుని, లేచి చదివింది. సెనేటర్ వైస్‌బెక్‌కి సోమవారం పొట్టకి పెద్ద ఆపరేషన్ జరిగింది. కదిలించడానికి వీల్లేదని డాక్టరు సంతకం పెట్టారు. అధ్యక్షుడు ఆయనకి మినహాయింపు ఇచ్చాడు.

నిజంగానే జబ్బు. మార్వా ఆ మాట ఒకసారి లోపల అనుకుంది. సరే, జబ్బు నిజమే, ఎత్తు కూడా నిజమే అయ్యుంటుంది అనుకుంది.

బెర్నిస్ తెల్ల కవరుని బల్ల మీది నుంచి తీసి, తెరవకుండా సొరుగులో పెట్టింది. పేర్లు పిలవటం మొదలుపెట్టింది. అవును. కాదు. కాదు. అవును. మార్వా పెన్సిలుతో గీతలు పెడుతోంది.

"హ్రూబీ."

ఎవరూ పలకలేదు.

"సెనేటర్ హ్రూబీ."

డెల్మర్ లేచి నిలబడ్డాడు. ఓటు చెప్పడానికి లేవక్కర్లేదు. ఎందుకు లేచాడో తనకే తెలియనట్టు బల్ల అంచు పట్టుకున్నాడు.

"కాదు," అన్నాడు.

మార్వా పెన్సిలు అక్కడే ఆగింది. తన పేరు వచ్చినప్పుడు అవును అంది. ఆ గొంతు ఎవరిదో పక్కవాళ్ళదిలా వినపడింది. చివరికి బెర్నిస్ కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది.

"అవును పదహారు. కాదు పదహారు."

సమానమైతే బిల్లు పోయినట్టే. సుత్తి పడింది. గెలిచిన పక్షంలో ఎవరైనా ఒకరు అడిగితే ఆ రోజు లోపల మళ్ళీ ఓటు పెట్టవచ్చు. ఎవరూ అడగలేదు. డెల్మర్ కూడా అడగలేదు. మార్షల్ ఒక్కొక్క గడియా తీసుకుంటూ తిరిగాడు. మార్వా తలెత్తి చూసేసరికి గ్యాలరీలో ఆ కుర్చీ ఖాళీగా ఉంది.

కోట్ల గదిలో ఆమె డెల్మర్‌ని పట్టుకుంది.

"ఎంతకి అమ్మావు?"

అతను చెయ్యి కోటులో దూర్చబోతూ ఆగాడు. "అమ్మలేదు," అన్నాడు. "మా ఆవిడ తమ్ముడు గోదాము తాకట్టు పెట్టి పిల్లల్ని చదివిస్తున్నాడు. నువ్వు పెట్టమన్న రెండో మనిషికి జీతం ఎక్కడినుంచి తేవాలని క్రిస్మస్‌నాడు బల్ల దగ్గర అడిగాడు. జవాబు చెప్పలేకపోయాను. పైన కూర్చున్న లైల్ అక్కగారిని చూస్తూ కాదనీ అనలేను. అనక్కర్లేని దారి ఒకటి దొరికింది. దాన్ని నువ్వు గడియ వేసి మూశావు."

"వైస్‌బెక్ నీతో జత కట్టాడు. మరి ఆయన..."

ఆమె మాట మధ్యలోనే ఆగింది. డెల్మర్ కోటు వేసుకుని, మెడపట్టీ చుట్టుకుని వెళ్ళిపోయాడు.

బెర్నిస్ సొరుగు తాళం వేస్తోంది. మార్వా మొహం చూసి మళ్ళీ తీసింది.

"చెల్లలేదు కాబట్టి రికార్డులోకి పోదు," అంది. "ఇది ఇప్పుడు ఉట్టి కాగితం. చూస్తానంటే చూడండి."

కవరు అంచుని మార్వా గోరుతో చించింది. లోపల ఒకే చీటీ. వైస్‌బెక్ పేరు ఎదురుగా అవును. హ్రూబీ పేరు ఎదురుగా కాదు. కింద రెండు సంతకాలు. వైస్‌బెక్ సంతకం వంకరగా, పడుకుని పెట్టినట్టుంది.

"జత చెల్లి ఉంటే పదహారుకి పదిహేను," అంది బెర్నిస్. "ఒక్కటి చాలేది, సెనేటర్ గారూ. ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడ ఒక్కదానితో నెగ్గినవి ఎన్నో చూశాను."

అరవై మైళ్ళు తిన్నగా, మంచు పక్కకి తోసిన రోడ్డు. ఆమె చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. మూడో అంతస్తులో నర్సు ఆమెని పైనుంచి కిందికి చూసింది.

"పొద్దున పోలీసుని పంపింది మీ వాళ్ళేనా?" అని అడిగింది. "ఆయన వెళ్ళాక ఈ పెద్దాయన బూట్లు ఇమ్మని గొడవ. నన్ను పిలుస్తున్నారు, పోవాలి అని. కుట్లు ఊడతాయండీ అంటే వినరే. చివరికి బూట్లు తీసుకెళ్ళి మా గదిలో దాచాను."

వైస్‌బెక్ సగానికి సగం అయిపోయాడు. మీసాలు మాత్రం అలాగే ఉన్నాయి. ఎర్ర జెల్లీ గిన్నె ఎదురుగా పెట్టుకుని, అది చేసిన తప్పేమిటో తెలుసుకోవాలన్నట్టు చూస్తున్నాడు.

"రా, వంతెనల మహారాణీ," అన్నాడు. గొంతు గాలిలా ఉంది. "ఎంతకి పోయింది?"

"పదహారు, పదహారు."

ఆయన కళ్ళు మూసుకుని తెరిచాడు. "డెల్మర్ లేచి చెప్పాడా, కూర్చుని చెప్పాడా?"

"లేచి."

"పాపం."

ఆమె గోడవారనున్న కుర్చీలో కూర్చుంది. కోటు తియ్యలేదు. "నాకెందుకు చెప్పలేదు మీరు? ఒక్క ముక్క. ఒక్క ఫోన్."

"మావాళ్ళకి తెలిస్తే ఆ రోజే సంఘం కుర్చీలోంచి దింపేవాళ్ళు. అది ఒకటి." ఆయన చెంచాతో జెల్లీని నొక్కాడు. "జనవరిలో ఆ మూతలోంచి లోపలికి చూశాను. నలభై ఏళ్ళుగా నేనూ ఒంటరిగానే దిగుతున్నాను, మా కొడుకునీ దింపుతున్నాను. పైనుంచి చూస్తే తెలిసింది, లోపలున్నవాడికి ఆకాశం ఎంత ముక్క కనపడుతుందో. నా కర్రలో సగం. అందుకే అవును రాశాను. అది రెండోది. ఇంక మూడోది. నేను ఫోన్ చేసి, అమ్మాయ్, నీ బిల్లుకి నేను అవును అంటున్నాను అని ఉంటే, నమ్మేదానివా?"

గోడ గడియారం కింద నర్సు బండి చక్రం కీచుమంటూ పోయింది. మార్వా నిజంగానే ఆలోచించింది. ఫోన్ పెట్టేసి, పెన్సిలు తీసి, ఆ అవును వెనక ఎవరి కాలుందా అని వెతికి ఉండేది.

"లేదు," అంది.

"అదీ సంగతి. రెండేళ్ళ కిందట నేను చేసిన పనికి నువ్వు నమ్మక్కర్లేదు కూడా." ఆయన గిన్నె ఆమె వైపు తోశాడు. "ఇది తిను. నేను తిన్నానని చెబుతా. బతికుంటే వచ్చేసారి నేనే పెడతాను బిల్లు. మాట ఇవ్వను. నీకు నా మాటలంటే పడదు కదా."

ఆమె ఆ జెల్లీ మొత్తం తింది. ఆయన నిద్రపోయేదాకా కూర్చుంది.

నోరీన్ కింది గదిలో సంచి సర్దుకుని, మంచం అంచున బూట్లతో కూర్చుని ఉంది. మార్వా కోటు తియ్యకుండానే మొత్తం చెప్పింది. కవరు గురించి, ఒక్క ఓటు గురించి, ఆసుపత్రి గురించి. ఎక్కడా డెల్మర్ మీదికి తొయ్యలేదు. తొయ్యాలని రెండుసార్లు అనిపించింది.

"అంటే నేను ఊరుకుని ఉంటే నెగ్గేది," అని ముగించింది.

నోరీన్ తన చేతి తొడుగుల వేళ్ళు ఒక్కొక్కటే లాగి సరిచేసింది.

"తలుపులు మూసినప్పుడు," అంది, "పైనుంచి మిమ్మల్ని చూస్తున్నాను. మా లైల్ కోసం ఇంతమందిని లోపల పెట్టి తాళం వేయించిందీవిడ అనుకున్నాను. భలే గర్వంగా అనిపించింది." సంచి భుజానికి తగిలించుకుంది. "రేపు మంచు పడుతుందట. నాలుగింటికి బండి తియ్యాలి."

గుమ్మం దగ్గర ఆగింది. "టోపీ తీశాడని చెప్పాను మీకు," అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే మార్వాకి కొంచెం తేలికగా ఉండేది.

శుక్రవారం మంచు బాగానే పడింది. మార్వా సొరుగు ఖాళీ చేసింది. మంచుబూట్లు తిరిగి ఇచ్చింది. వైస్‌బెక్ కార్డు ఇంకా పోస్టు చెయ్యలేదని తెలిసి, బాతు రెక్క కింద మిగిలిన కాస్త జాగాలో పేరు రాసింది. పదవి అయిపోయినవాళ్ళ బల్ల మీద పేరుపలక ఊడదీసి వాళ్ళకే ఇచ్చెయ్యటం అక్కడి ఆనవాయితీ. స్క్రూడ్రైవరు డెల్మర్ తెచ్చాడు. ఒక మరమేకు తుప్పు పట్టి తిరగలేదు. అతను పలకని ఒత్తి పట్టుకున్నాడు, ఆమె తిప్పింది. ఇద్దరూ ఆ మరమేకు గురించి మాత్రమే మాట్లాడుకున్నారు.

వెళ్ళిపోయేవాళ్ళకి సభలో రెండు నిమిషాలు మాట్లాడే అవకాశం ఇస్తారు. అందరూ భార్యల్నీ భర్తల్నీ తలుచుకుంటారు, ఒక జోకు వేస్తారు. మార్వా కాగితం లేకుండా లేచింది.

"నిన్న తలుపులు మూయించింది నేను," అంది. "ఆ బిల్లుకి ఓటు వేసినవాళ్ళూ వేయనివాళ్ళూ ఎవరూ దాన్ని ఓడించలేదు. నేను ఓడించాను. జబ్బుతో ఉన్న ఒక మనిషి చేసిన మంచిని మోసం అనుకున్నాను. ఇది రికార్డులో రాసుకోమని కార్యదర్శి గారిని కోరుతున్నాను."

బెర్నిస్ రాయటం వినపడుతోంది.

"ఇంకొకటి. ఈ రోజు సభని ఒకరి జ్ఞాపకార్థం ముగించమని అడగవచ్చు మనం. జడ్జీల పేర్లు చెబుతాం, ఫుట్‌బాల్ నేర్పినవాళ్ళ పేర్లు చెబుతాం. నేను లైల్ ఓడెగార్డ్ పేరు చెబుతున్నాను."

అలాంటి కోరికకి ఓటు ఉండదు. ఒప్పుకునేవాళ్ళు లేచి నిలబడతారు. మార్వా ఎవరు లేస్తున్నారో చూడలేదు, లెక్కపెట్టలేదు. బల్ల మీద పేరుపలక ఊడిన చోట మిగిలిన నాలుగు రంధ్రాల మీద చెయ్యి ఉంచి నిలబడింది. కుర్చీలు వెనక్కి జరిగే చప్పుడు ఆమె చుట్టూ, ముందు ఒకటి, తర్వాత చాలా, తర్వాత పక్కనే ఒకటి.

ఇది చదివినవాళ్ళకి ఒక మనవి. సెనేటర్ మార్వా స్కోగ్లండ్‌ని మీరు మరిచిపోయినా ఫరవాలేదు, ఆమె పేరు ఆ సభ పుస్తకాల్లో ఉంది, ఒక వంతెన కాగితాల మీద కూడా ఉంది. లైల్ ఓడెగార్డ్ పేరున చట్టం లేదు. నలభై ఆరేళ్ళ మనిషి. అన్నం డబ్బా మూత తియ్యకుండానే పార పట్టుకుని పనిలోకి దిగాడు. పైన మూత దగ్గర ఎవరూ లేరు. ఆయన్ని గుర్తుంచుకోండి.